విరాటుని కొలువులో సైరంధ్రి

వానలు వెనుకబడిన యేడు విరాటపర్వము చదివించినచో మేఘములు కరుణించునని తెనుగు పల్లెలలో చిరకాలముగా నొక నమ్మకము కలదు. మా నంగునూరును ఆ నమ్మకమునకు వెలి కాదు. చెరువు నెర్రెలు వారిన యొక సంవత్సరమున ఊరి పెద్దలు దేవళపు అరుగుమీద పురాణకాలక్షేప మేర్పాటు చేసి, సంస్కృతము చదివిన పంతుళ్లమని మమ్ము పిలిచి పుస్తకము చేతి కిచ్చిరి. పద్యమునకు వాన కురియునను మాట మేము నమ్మము. తిక్కన సోమయాజి పద్యమును మాత్రము నమ్ముదుము. కావున కాదనలేదు. పద్యము చదువుటయు, పిదప ఊరివారి మాటలలో అర్థము చెప్పుటయుగా కాలక్షేపము సాగుచుండెను. కీచకుడు సైరంధ్రిని తరుముకొని వచ్చి నిండు కొలువులో తన్నిన ఘట్టము ముగిసినది. వినువారెల్ల భీముని పిడికిలికై యెదురు చూచుచుండిరి. అంతలో వెనుక వరుసలో గోడ కానుకొని కూర్చున్న యొక వృద్ధురాలు, "గంత జరుగుతుంటె రాజు ఏమన్లేదా పంతులూ?" అని యడిగెను.

"అది ముందు వచ్చును, వినుమమ్మా" యని దాటవేసి మేము కీచకవధకు పోయితిమి. అది ముందు రాలేదు. ఆమె యడిగిన దానికి జవాబు అప్పుడే మేము చదివి వచ్చిన పుటలలో నుండెను. ఇరువదేండ్లుగా ఆ పర్వమును చదువుచు, పిల్లలకు చెప్పుచు వచ్చిన మాకు ఆ ప్రశ్న తోచకపోవుటకు కారణ మేమి? దీనినిగూర్చియే మా పాఠకులతో కొంత ముచ్చటింపదలచితిమి.

ఈ కథకు లోకమున కీచకవధ యని పేరు. పేరు చచ్చినవానిది, ప్రఖ్యాతి చంపినవానిది, పడినది మాత్రము సైరంధ్రి. మన విమర్శకులు తిక్కన నాటకీయతను, రసపోషణమును, పాత్రల మాటతీరును వేనోళ్ల పొగడినారు. ఆ పొగడ్త న్యాయమైనదే. కాని పొట్టకూటికై యొక చోట పనిచేయు మనిషిని, అచ్చట బలము గలవాడు వేధించునప్పుడు చుట్టునున్నవారేమి చేయుదురను విషయమును ఇంత సాంతముగా చెప్పిన కథ మన భాషలో మరొకటి మాకు కనబడలేదు. పిల్లలను పెద్ద పిల్లలు ఏడిపించుట బడిలోనే ముగియుననియు, గడ్డము నెరసినవారికి అట్టి బాధ లేదనియు మనము తలంతుము. అది తప్పు. పెద్దవారి లోకమున వేధింపునకు ఆజ్ఞయని, హాస్యమని, చనువని పేళ్లు మారును, అంతే.

కథ మొదటినుండి చూతము. అజ్ఞాతవాస వత్సరమున ద్రౌపది మాలిని యను పేర విరటుని అంతఃపురమున కొలువు కోరెను. రాణి సుధేష్ణ మొట్టమొదట చూచినది ఆమె పనితనమును గాదు, రూపమును. ఇంతటి చక్కనిదానిని ఇంట నుంచుకొన్నచో రాజు మనసు చెదరునేమో యని ఆమె శంక. కాబోవు తప్పునకు నేరస్థురాలు ముందే నిర్ణయింపబడినదన్నమాట! ద్రౌపది తన షరతులను నోట చెప్పియే పనిలో చేరినది: ఎంగిలి ముట్టను, కాళ్లు కడుగను, నాకు అయిదుగురు గంధర్వులు భర్తలు, నన్ను ఆశించినవాడు బ్రతుకడు. నేటి యుద్యోగములలో గూడ ఇంత స్పష్టముగా మాటాడి చేరువారు తక్కువ. పది నెలలు ఏ బాధయు లేక గడచినవి.

పిదప కీచకుడు వచ్చెను. వీడెవడు? దారిన పోవు దుండగీడు కాడు. రాణికి తమ్ముడు, రాజ్యమునకు సేనాపతి. వాడు లేనిచో రాజ్యము నిలువదని రాజే నమ్మినవాడు. ప్రతి కచేరిలోను, ప్రతి కార్ఖానాలోను ఇట్టివా డొకడుండును. "నోరు చెడ్డదే గాని పనిమంతుడు" అని పైవారు వానిని వెనుక వేసికొందురు. వాని పనితనమే ఇతరుల పాలిటి శాపము. 1963 వ సంవత్సరమున వచ్చిన నర్తనశాల చలనచిత్రమున ఎస్. వి. రంగారావుగారు ఈ పాత్ర ధరించి, జకార్తా చలనచిత్రోత్సవమున ఉత్తమనటుడుగా బహుమాన మందిరి. ఆ గొప్పనటునియందు మాకు గౌరవమే. కాని మా బడి పిల్లలు ఆ కథ నాడునప్పుడు కీచకుని నడకను, మీసము దువ్వుటను అనుకరింప నెగబడుచున్నారు. సైరంధ్రి వేసమునకు మాత్రము పిల్లలను వెదకవలసి వచ్చుచున్నది. ఇందులో నటుని తప్పు లేదు. చూచు మన కన్ను ఎటు పోవుచున్నదో తెలియుటకు ఇది చెప్పితిమి.

కీచకుడు తన కోరిక తెలిపినప్పుడు సైరంధ్రి తలవంచి ఊరకుండలేదు, నవ్వి తప్పించుకొనలేదు. నేను పరభార్యను, నీకిది తగదు, నీ ప్రాణమునకే ముప్పని విస్పష్టముగా చెప్పినది. "ముందే గట్టిగా చెప్పవలసినది గదా" యని బాధపడినవారికి బోధించువారు ఈ భాగమును గుర్తుంచుకొందురు గాక. గట్టిగా చెప్పినంత మాత్రమున బాధ తొలగిపోవునని వ్యాసుడు వ్రాయలేదు, తిక్కనయు వ్రాయలేదు. వాడు తిన్నగా అక్క యొద్దకు పోయెను.

ఇచ్చట సుధేష్ణ చేసిన పని యున్నదే, దానియొద్ద మేము కొంచెము నిలువవలెను. ఆమె క్రూరురాలు కాదు. తమ్ముడు చేయునది తప్పని ఎరుగును. వానికి మొదట బుద్ధియు చెప్పినది. కాని తమ్ముడు కృశించుచున్నాడు, అలుగుచున్నాడు. ఇంటి శాంతి ముఖ్యము. అందుచే సైరంధ్రిని పిలిచి, దాహమగుచున్నది, కీచకుని ఇంటినుండి మద్యము తెమ్మని పంపెను. వానియింటికి నన్ను పంపకుము, నీకెందరో పరిచారికలున్నారు, మరియొకతెను పంపుమని ఆమె వేడుకొన్నది. రాణి వినలేదు. మూతగల బంగారుపాత్ర చేతి కిచ్చినది. పాఠకులారా, ఆ పాత్రను చూడుడు. పైకి అది ఒక పని, కాదనుటకు వీలులేని పని. "ఈ కాగితములు అయ్యగారింటికి పోయి సంతకము చేయించుకొని ర"మ్మని చీకటిపడిన పిదప పంపబడు గుమాస్తా చేతిలో నున్నది ఆ పాత్రయే. పంపిన యామెను రేపు ఎవరైన అడిగినచో, నేను పని చెప్పితిని, అంతకన్న నే నెరుగనని చెప్పుటకు వీలుగా దానికి మూత యున్నది.

ఆమె సూర్యునకు మ్రొక్కి పోయినది. వాడు చేయి పట్టగా వదిలించుకొని పరుగెత్తినది. ఎక్కడికి? కొలువునకు. ఇంటికో, వంటశాలకో గాదు. న్యాయము చెప్పవలసిన చోటికి, పదుగురి యెదుటికి. ఇది ఆమె వివేకము. కీచకుడు వెంటబడి వచ్చి, జుట్టు పట్టి యీడ్చి, రాజు చూచుచుండగనే తన్నినాడు. ఆమె లేచి, రాజును సభ్యులను ఉద్దేశించి, ఇది ధర్మమా యని యడిగినది.

వృద్ధురాలి ప్రశ్నకు జవాబిక్కడ నున్నది. వ్యాసభారతమున విరటు డేమనెను? మీ యిద్దరి తగవు నా పరోక్షమున జరిగినది, నిజము తెలియక నేనెట్లు తీర్పు చెప్పగలననెను. తన్ను ఆయన పరోక్షమున పడలేదు. ఆయన కన్నులముందే పడినది. ఆ మాటను ఆ నోట పలికించిన వ్యాసుని గాంభీర్యము మాకు భయము గొల్పుచున్నది. "ఇరుపక్షములు వినవలెను" అనునది న్యాయసూత్రము. అది నిజమునకై వెదకువాని నోట సూత్రము, వెదకదలపనివాని నోట తలుపు గడియ. సభ్యులు మాత్ర మేమి చేసిరి? ఆమె రూపమును, శీలమును మెచ్చుకొనిరి! అట్టి భార్య గలవాడు భాగ్యవంతుడనిరి. సానుభూతికి కరవు లేదు. లేచినవాడొక్కడును లేడు.

మా తెలంగాణమున ఈ సభను విప్పి చెప్పనక్కరలేదు. 1948 వరకు నైజాము రాజ్యమున గడీల ముందట వెట్టి చేసిన తరముల సంతతి ఇంకను ఇచ్చటనే యున్నది. దొరమీది మొర దొరకే చెప్పుకొనవలసిన కాలమది. "బాంచెను" అని తన్ను తాను దాసిగా చెప్పుకొనిన పిమ్మటనే మనిషి నోరు విప్పవలెను. ఆ వృద్ధురాలు రాజు మాట యడిగినది ఊరక కాదు.

మరి ధర్మరాజో? కంకభట్టు వేసమున ఆ సభలోనే యున్నాడు. భీముడు పండ్లు కొరుకుచు ఎదుటి చెట్టువంక చూడగా, వంటచెరకు కావలెనన్న వెలుపల వెదకుకొనుమని, మర్మముగా వారించిన మాట తెనుగువారి కెల్లరకును తెలిసినదే. ఆ సమయస్ఫూర్తిని పొగడని వ్యాఖ్యాత లేడు. నిజమే, గుట్టు బయటపడినచో మరల పండ్రెండేండ్లు అడవి. ఆయన చేతులు కట్టబడియున్నవని మే మొప్పుకొందుము. కాని తరువాత ద్రౌపదితో ననిన మాట చూడుడు: సమయము ఎరుగక ఆటకత్తెవలె ఇచ్చట నేడ్చుచు రాజసభలో జూదమునకు విఘ్నము చేయుచున్నావు, లోనికి పొమ్మనెను. నోరు మూయవలసిన యక్కర రహస్యమునకు కలదు గాని, దెబ్బతిన్నదానిని ఆటకత్తె యనవలసిన యక్కర దేనికి? బాధితుని కేకను నటన యనుట ధర్మరాజంతవానికిని సులభముగా నోట వచ్చినది. ద్రౌపది వదలలేదు. నా పెద్దభర్తయే జూదరి, ఆయన వెంట నున్న నాకు ఈ గతి గాక మరేమి యను భావమున ఎత్తిపొడిచి మరీ పోయినది. ఆ పద్యము తెనుగున ప్రసిద్ధము. విద్యార్థులు దానిని చమత్కారముగా కంఠస్థము చేయుదురు. మేమును అట్లే చేయించితిమి. అందులోని కడుపుమంటను చెప్పలేదు.

ఇక మా మాట. ఈ కథను విమర్శించు నర్హత మాకెంత కలదో పాఠకులే నిర్ణయింతురు గాక. కొన్నియేండ్ల క్రిందట మేము వేరొక చోట నొక పాఠశాలలో పనిచేయుచుంటిమి. ఊరు పేరు, బడి పేరు ఇచ్చట ననవసరము. అచ్చటి పెద్దకు ఒక పండితుడన్న గిట్టదు. ఆయనకు మాటలో కొంచెము నత్తి కలదు. ప్రతిదినము హాజరుపట్టీ వేళ పెద్ద ఆ నత్తిని అనుకరించి ఆయనను పిలుచును. ఉపాధ్యాయు లందరును నవ్వుదురు. మొదటి రెండు దినములు మాకు కష్టముగా తోచెను. పిదప మేమును నవ్వితిమి. నవ్వనివానివంక పెద్ద చూచు చూపు మాకు తెలిసియుండెను. క్రమముగా పిల్లలకును అది పాకినది. ఒకనాటి సాయంకాలము ఆ పండితుడు మా యింటికి వచ్చి, పై యధికారికి అర్జీ పెట్టదలచితినని, జరిగినది జరిగినట్లు సాక్ష్యము వ్రాసి సంతకము చేయుమని కోరెను. ఆయన మాటాడుటకు చాల సేపు పట్టినది. మేము, "పెద్దగారి పక్షము గూడ వినకుండ మేమెట్లు వ్రాయగలమండీ" యంటిమి.

విరటుని మాటను అక్షరాల మేము పలికితిమని ఆనాడు మాకు తోచలేదు. ఆ సంవత్సరమే ఆయన బదిలీ కోరి దూరపు ఊరికి పోయెను. వీడ్కోలు సభలో పూలమాల వేసి ఆయన పాండిత్యమును గూర్చి మేమే ప్రసంగించితిమి. సభ్యుల మెప్పు ఎట్టిదో మాకు స్వానుభవమున తెలియును.

తిరిగి కథకు వత్తము. ఆ రాత్రి ద్రౌపది స్నానము చేసి, వస్త్రములు ఉతుకుకొని, ఆలోచించుకొన్నది. ఎవరికి చెప్పవలెను? అయిదుగురిలో ఒకనిని ఎన్నుకొన్నది. వంటశాలకు పోయి నిద్రించుచున్న భీముని లేపినది. తరువాత వచ్చు ఆమె విలాపము సంస్కృతమున చాల దీర్ఘము. అది విసుగని మేము పూర్వము త్రోసివేయుచుంటిమి. పురాణము వినువారును వధకై తొందరపడుచుందురు. ఇప్పుడు మాకు పర్వమునకు అదియే ప్రాణముగా తోచుచున్నది. ఆమె కీచకునితో మొదలుపెట్టి కీచకునితో ఆగలేదు. వెనుకటి కురుసభ, భర్తల దురవస్థ, దినదినము రాణి మొగము చూచి వడకుట, గంధము నూరి నూరి చేతులు కాయలు కాచుట, అన్నియు బయటికి వచ్చినవి. వేధింపబడినవాని బాధ ఒక దినపు బాధ కాదు. అది పాత గాయములన్నిటిని రేపి కలియబెట్టును. వినువారు ఒక్క సంఘటననే చెప్పుమందురు. చెప్పువారికి తీగ లాగినచో డొంకయంతయు కదలును. భీముడు ఆ చేతులను తన మొగమున కద్దుకొని యేడ్చెను.

అయినను, అంతటి భీముడును మొదట చెప్పినది ఓర్పే! మూలమున ఆతడు సుకన్యను, సీతను, లోపాముద్రను పేర్కొని, వారెంత సహించిరో చూడుము, గడువు కొద్దిదినములే మిగిలినది, ఓర్చుకొనుమని చెప్పినాడు. పతివ్రతల పట్టిక మగవారి నోట ఎంత సిద్ధముగా నుండునో! ఆమె ఒప్పుకొనలేదు. వాడు రేపు మరల వచ్చును, నేను కాదందును, మరల కొట్టును, చత్తును; అప్పుడు మీ గడువు ఎవరికని యడిగినది. పూర్వోదాహరణములకు ఆమె యిచ్చిన ప్రత్యుత్తరము రేపటి సంగతి. అప్పుడు గాని భీముడు కదలలేదు.

వధ మాట మేము చెప్పము, అందరును చెప్పుదురు. వధతో కథ ముగియలేదని మాత్రము చెప్పుదుము. కీచకుని బంధువులు నూటయైదుగురు, దీని మూలముననే వాడు చచ్చెనని, ఆమెను కట్టి శవముతో దహింప నీడ్చుకొనిపోయిరి. అందులకు రాజు వారి బలమునకు వెరచి సమ్మతించెను! భీముడు వారిని గూడ చంపి విడిపించెను. ఆమె నగరమునకు తిరిగివచ్చుచుండగా జనులు భయపడి పారిపోయిరి. అప్పుడు విరటుడు రాణిద్వారా ఆమెకు పంపిన యాజ్ఞ యేమనగా, నీవు మా యింట నుండవద్దు, నీ యిచ్చవచ్చిన చోటికి పొమ్ము. ఇంత జరిగిన పిదప ఆ కొలువునకు తోచిన పరిష్కారము ఫిర్యాదు చేసినదానిని పనినుండి తీసివేయుట. ఆమె బ్రతిమాలి, పదుమూడు దినములు మాత్రము గడువు కోరుకొన్నది.

వలలుని పిడికిలి మనకు లేదు. ఉండవలెనని మేము కోరము. దానికి మారుగా మనకాలమున ఏర్పడినది చట్టము. అదియు ఊరక రాలేదు. రాజస్థానమున ప్రభుత్వము నడపిన స్త్రీ వికాస కార్యక్రమమున పనిచేయు భన్వరీదేవి యొక పసిబిడ్డ పెండ్లిని ఆపబూనినందులకు 1992 లో సామూహిక బలాత్కారమునకు గురియైనది. 1995 లో క్రిందికోర్టు నిందితులను ఆ నేరమునుండి విడిచిపెట్టినది. బాల్యవివాహమును మాన్పబూనిన స్త్రీకి మన దేశమున జరిగినది ఇది; సంస్కరణాభిమానులు దీనిని మరువరాదు. ఆ యలజడినుండి స్త్రీసంఘములు వేసిన వ్యాజ్యముపై 1997 ఆగష్టు 13 న సుప్రీముకోర్టు విశాఖ తీర్పు నిచ్చినది. అందుపై 2013 లో పార్లమెంటు చట్టము చేసినది.

ఆ చట్టమును మేము విరాటపర్వము ప్రక్కన పెట్టుకొని చదివితిమి. పదిమందికి తక్కువ గాక పనిచేయు ప్రతి చోటను అంతర్గత ఫిర్యాదుల సంఘముండవలెను. దానికి స్త్రీయే అధ్యక్షురాలు, సభ్యులలో సగమునకు తక్కువ గాక స్త్రీలు, వెలుపలి వ్యక్తి యొకరు. పదిమంది లేని చోట్లవారికిని, యజమానిమీదనే ఫిర్యాదు గలవారికిని జిల్లాలో స్థానిక సంఘము. అనగా కీచకుని మాట కీచకుని బావగారు గాక ఇతరులు వినవలెనని. ఇండ్లలో పనిచేయు స్త్రీలును ఇందు చేరియున్నారు. సైరంధ్రి అట్టిదే గదా! ఫిర్యాదునకు గడువు మూడు నెలలు. తగు కారణమున్న మరి మూడు నెలలు. విచారణ తొంబది దినములలో ముగియవలెను. ఈలోపల బదిలీగాని సెలవుగాని ఆమె వ్రాసి కోరినప్పుడే. పొమ్మని రాణి చెప్పుటకు వీలులేదు.

చట్టమునందు మాకు గౌరవము కలదు, భ్రమ లేదు. సంఘము కాగితముమీద నుండి, అందలి సభ్యుల పేళ్లే ఎవరికిని తెలియని చోట్లను మేమెరుగుదుము. అదిగాక అది స్త్రీలపై జరుగు లైంగికవేధింపునకే పరిమితము. నత్తిని వెక్కిరింపబడిన మా పండితునికి అందులో చోటు లేదు. ఆయనకు చోటు ఉండదగినది ఒక్కటే: హాజరుపట్టీ చుట్టు నిలిచిన మా పదునలుగురిలో. ఒక్కడు నవ్వకుండిన చాలును. "ఇది బాగులేదండీ" యని యొక్కడు పలికిన ఇంకను మేలు. సంతకము పెట్టిన మరియు మేలు. ఇందులో వీరత్వ మేమియు నక్కరలేదు. కావున చేయలేదనుటకు మాకు సాకు గూడ లేదు.

తిక్కన ద్రౌపదినుండి బాధపడువారు నేర్వదగిన దేమని మమ్ము ఒక మిత్రుడడిగెను. స్పష్టముగా కాదనెను, పదుగురిలో చెప్పెను, వినువానిని ఎన్నుకొని సమస్తమును చెప్పెను, ఓర్పను ఉపదేశమును ఒప్పుకొనలేదు, ఇవన్నియు కలవు. అయినను ఆమె చేయవలసిన దంతయు చేసిన తరువాతనే తన్నులు తినెనను సంగతి మరువవద్దని మేము బదులు చెప్పితిమి. ఆ పర్వమున నేర్చుకొనవలసినవారు వేరు. వారు జూదపు పలక చుట్టు కూర్చుండియున్నారు.

మొన్న వానలు మరల వెనుకబడగా అరుగుమీద పురాణము పెట్టించిరి. విరటుని మాట వచ్చినప్పుడు మేము ఆగి, మూలములోని శ్లోకముతో సహా అర్థము చెప్పి, మరల నింకొకమారు చెప్పితిమి. ముందువరుసలోని పెద్దమనిషి యొకడు ప్రొద్దుపోవుచున్నది, వధ కానిండనెను. వృద్ధురాలు గోడయొద్ద లేదు; ఆమె పోయి రెండేండ్లయినదట. పండితుని చిరునామా ఒక పాత సహోద్యోగి మూలమున దొరకినది. ఈ వ్యాసము అచ్చుపడగానే ఒక ప్రతి ఆయనకు పంపవలెనని యున్నది. దానితో ఏమి వ్రాయవలెనో ఇంకను తోచలేదు.